నెమ్ము గోడపై ప్యానెళ్లు: ముందు గోడ సంగతి చూడండి

పాలకొల్లులో కాలువ పక్కనున్న మీ ఇంటి హాలులో ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) ప్యానెళ్లు కింది భాగాన ఉబ్బిపోయాయని, వాటి స్థానంలో పీవీసీ ప్యానెళ్లు అతికిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. పీవీసీ నీటికి ఉబ్బదు గానీ, దాని వెనుక గోడ నెమ్ముగానే ఉండి, బూజు పట్టి, అతికించిన జిగురు కొన్నాళ్లకు వదిలేస్తుంది.

ముందుగా పాత ప్యానెళ్లు విప్పి, గోడ కింది భాగంలో ఒక పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి, 24 గంటల తరువాత చూడండి. గోడవైపు చెమ్మ పేరుకుంటే అది లోపలి నుంచి వస్తున్నట్లే. భూగర్భజలం పైపైనే ఉండే మన డెల్టాలో, పునాది మీద నెమ్ము నిరోధక పొర లేని పాత ఇళ్లకు ఇది సర్వసాధారణం. అటువంటప్పుడు ఉప్పు పూసిన ప్లాస్టరింగును సుమారు మీటరు ఎత్తు వరకు చెక్కించి, గోడ అడుగున వరుసగా రంధ్రాలు వేసి నెమ్ము నిరోధక రసాయనం ఎక్కించి, కొత్త ప్లాస్టరింగు పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఇక్కడ తొందరపడవద్దని నా గట్టి మనవి. వేసవిలో చేయిస్తే మేలు.

ఆ తరువాత అల్యూమినియం పట్టీలపై స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) ప్యానెళ్లు బిగించండి. నేలకు అర అంగుళం, పైన కొంత ఖాళీ వదిలితే వెనుక గాలి ఆడుతుంది. వంటగదిలో పొయ్యి వెనుక మాత్రం ప్యానెళ్లు వద్దు, టైల్సే వేయించండి.