‘అంతా చెల్లికే’ అన్న మాట చాలదా?

ప్రశ్న: మాది న్యూయార్క్. మా అబ్బాయి అమెరికా ఆర్మీలో ఉన్నాడు. 24 ఏళ్లు, పెళ్లి కాలేదు. విదేశం డ్యూటీకి బయల్దేరుతూ వీడియో కాల్‌లో ‘నాకేమైనా అయితే అంతా చెల్లికే అమ్మా’ అన్నాడు. చెల్లికి 15 ఏళ్లు. వీలునామా రాయరా అంటే ‘వలస పాలన రోజుల నుంచీ ఇక్కడ సైనికుడి నోటిమాటే వీలునామా’ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: సగం నిజమే అమ్మా. చిక్కంతా మిగతా సగంలో ఉంది.

1677లో ఇంగ్లండు ఒక చట్టం తెచ్చింది. 30 పౌండ్లు మించిన ఆస్తిని నోటిమాటతో ఇవ్వాలంటే ముగ్గురు సాక్షులుండాలి. ‘మీరే సాక్ష్యం’ అని వాళ్లతో అనాలి, అదీ ఆఖరి జబ్బులో. ఆరు రోజుల్లో రాసి పెట్టుకోకపోతే, ఆరు నెలలు దాటాక ఆ సాక్ష్యం వినరు. యుద్ధంలో ఉన్న సైనికుడికి మాత్రం ఈ బాదరబందీ లేదు. ఆ మినహాయింపే అమెరికాలోని ఇంగ్లండు వలస రాజ్యాలకూ చేరింది.

అయితే అది చరాస్తికే: రావాల్సిన జీతం, తుపాకి, కోటు, పశువులు. భూమికి రాత, సాక్షుల సంతకాలు ఉండాల్సిందే. అవి లేకపోతే, 1785లో చట్టం మార్చేదాకా వర్జీనియాలో పొలమంతా పెద్దకొడుకుదే. మసాచుసెట్స్‌లో పెద్దవాడికి రెండు వాటాలు. గుడారంలో మంచాన పడి ‘పొలం చిన్నోడికి’ అన్న తండ్రి మాట గాలికి పోయేది.

పోనీ జీతమైనా దక్కేదా? 1690లో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న క్విబెక్ మీదికి వెళ్లిన మసాచుసెట్స్ దండు ఓడి తిరిగొచ్చింది. కొల్లసొమ్ముతో జీతాలిద్దామనుకున్న ఖజానా ఖాళీ. చివరికి కాగితం నోట్లు అచ్చేసి చేతిలో పెట్టారు. బజార్లో వాటిని ముఖవిలువకి తీసుకున్నవాళ్లు లేరు. (ఎవరి పేరు రాశారన్నదే కాదు, డబ్బు ఏ రూపంలో చేతికొస్తుందో కూడా చూడమని నేను నస పెట్టేది ఇందుకే.)

ఈ మినహాయింపు మూలం రోమన్లది. ట్రాజన్ చక్రవర్తి అప్పుడే తేల్చేశాడు: మనుషుల్ని పిలిచి, తన కోరిక ఇదని చెబితే సైనికుడి మాట చెల్లుతుంది, కబుర్ల మధ్య ‘నా ఆస్తి నీకే’ అంటే అది వీలునామా కాదు. మీవాడన్నది ఈ రెండో రకమే.

న్యూయార్క్‌లో సైనికుడి నోటిమాట నేటికీ చెల్లుతుంది. కాకపోతే యుద్ధం లేదా సాయుధ ఘర్షణ వేళ సర్వీసులో ఉండగా చెప్పాలి, కనీసం ఇద్దరు సాక్షులు రుజువు చేయాలి. ఆర్మీ వదిలిన ఏడాదికి అదీ రద్దవుతుంది. ఆ కాల్‌లో విన్నది మీరొక్కరే అయితే అది చాలదు. వీలునామా లేకుండా పోతే పెళ్లి, పిల్లలు లేనివాడి ఆస్తి తల్లిదండ్రులకి వెళ్తుంది, చెల్లికి చిల్లిగవ్వ రాదు.

అన్నిటికన్నా పెద్ద మొత్తం సైనికుల జీవిత బీమాది, గరిష్ఠంగా 5 లక్షల డాలర్లు. దానికి ఏ వీలునామాతోనూ పని లేదు, ఫారంలో ఎవరి పేరుంటే వాళ్లదే. ముందు అది చూసుకోమనండి. వీలునామా బేస్‌లోని లీగల్ అసిస్టెన్స్ ఆఫీసులో ఉచితంగా రాసిస్తారు. మీ అమ్మాయి మైనర్ కాబట్టి, 18 నిండేదాకా డబ్బు ఎవరు చూసుకోవాలో కూడా బీమా ఫారంలోనూ, వీలునామాలోనూ రాయించమనండి.