పిల్లల పాట, నీ పుస్తకం: పెద్దమ్మ రాసిన ఉత్తరం

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. పాపని సంగీతం క్లాసులో ఎప్పుడు చేర్చాలి, పెద్దాడికి కీబోర్డు కొనాలా అని అడిగావు. మీ అపార్ట్‌మెంట్లో ఆడవాళ్ళంతా కలిసి పుస్తకాలు చదువుకుందాం అంటున్నారనీ, పిల్లల పనుల మధ్య నీకు కుదరదేమోననీ రాశావు. ఫోన్లో చెబితే కుక్కర్ విజిల్ రాగానే ఉంటాను పెద్దమ్మా అంటావు కదా, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

చివరి సంగతికి ముందు జవాబు చెబుతాను. చేరు. పాప సంగీతం కన్నా ముందు నీ పుస్తకం సంగతి తేల్చుకో. ఈ ఊళ్ళో ఎంతోమంది పిల్లలకి స్వరాలు చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు తమ కోసం తాము పాడుకోవడమో, చదువుకోవడమో చూసిన పిల్లలు నేర్చుకున్నదాన్ని వదల్లేదు. క్లాసు దగ్గర దింపి, గంటయ్యాక ఎక్కించుకుపోయే ఇళ్ళ పిల్లల్లో చాలామంది ఎనిమిదో తరగతికో తొమ్మిదో తరగతికో మానేశారు. తెలివి తక్కువై కాదు. సంగీతం అంటే పిల్లలు మాత్రమే చేయాల్సిన ఇంకో హోంవర్క్ అని వాళ్ళకి అర్థమైపోయింది, అంతే.

ఇక పాప. రెండో తరగతి కదా, మంచి వయసే. కానీ క్లాసుకన్నా ముందు ఇంట్లో గొంతు కలపండి. ఒక్క విషయం గుర్తుపెట్టుకో: చిన్నపిల్లల గొంతు మనకన్నా పైన ఉంటుంది. మనం మనకి హాయిగా ఉన్న చోట అందుకుంటాం, పిల్లలు ఆ కింది స్వరాలు అందక గొణుగుతారు. చూసి, దీనికి గొంతు లేదు అనేస్తాం. పాప తనంతట తాను బొమ్మలతో ఆడుకుంటూ ఏ ఎత్తులో కూనిరాగం తీస్తుందో విను. అక్కడ నువ్వు వెళ్ళి కలువు. సినిమా పాటల ట్రాకులు పెద్దవాళ్ళ శ్రుతిలో ఉంటాయి. వాటి మీద పాడించి, గొంతు నొక్కి అరిచే అలవాటు చేయొద్దు.

మీ అత్తగారు ఇంట్లోనే ఉన్నారు. వదినగారికి మంగళహారతులు, లాలి పాటలు, పెళ్ళి పాటలు ఎన్ని వచ్చో మీ పెళ్ళిలో విన్నాను. పాపకి మొదటి గురువు ఆవిడే కావాలి. నేర్పండి అని అడిగితే, నాకేం వచ్చమ్మా అంటారు. అలా అడక్కు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టు, చాలు. ఆ పాటలు ఫోన్లో రికార్డు చేసి కూడా ఉంచు. ఏ ఊరి నుంచి వచ్చిందో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆవిడ నోటితోనే చెప్పించు. పుస్తకాల్లోకి ఎక్కని పాటలు ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. ఆ ఇళ్ళలో మీది ఒకటి.

క్లాసులో చేర్చేముందు ఒక రోజు వెళ్ళి వెనకాల కూర్చో. చూడవలసింది గోడ మీది సర్టిఫికెట్లు కాదు. శ్రుతి, అంటే పాటకి ఆధారంగా ఆగకుండా మోగే స్వరం, పెట్టి చెబుతున్నారా? ప్రతి పిల్లనీ విడిగా ఒక్కసారైనా పాడిస్తున్నారా, లేక అందరినీ కలిపి అనిపించి పంపేస్తున్నారా? గుంపులో అపశ్రుతి దాక్కుంటుంది. ఆన్‌లైన్ క్లాసు గురించి అడిగావు. విదేశాల్లో ఉన్న పిల్లలకి అదే దిక్కు, కాదనను. కానీ అందులో శబ్దం ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు, శిష్యురాలు కలిసి పాడలేరు. ఒకరి తర్వాత ఒకరు పాడాల్సిందే. చిన్నపిల్లకి గురువు గొంతులో గొంతు కలపడమే సగం పాఠం. హైదరాబాదులో ఉండి ఆ అదృష్టం ఎందుకు వదులుకోవడం? నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మామూలు టీచరు, గంటసేపు ట్రాఫిక్ దాటి వెళ్ళాల్సిన పేరున్న టీచరు కన్నా మేలు.

చేర్చాక తొందరపడకు. కర్ణాటక సంగీతంలో మొదట సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, తర్వాత పిళ్ళారి గీతాలనే చిన్న పాటలు... ఈ వరస పురందరదాసు వేసిందని చెప్పుకుంటాం. మొదటి స్వరాల పాఠాలు మాయామాళవగౌళ రాగంలో ఉండడానికి కారణం ఉంది. స నుంచి మ దాకా స్వరాల మధ్య ఎంత దూరాలు ఉన్నాయో, ప నుంచి పై స దాకా సరిగ్గా అవే దూరాలు మళ్ళీ వస్తాయి. కింద సగం పట్టుబడితే పై సగం చెవికి అప్పుడే తెలిసినట్టుంటుంది. దగ్గర స్వరాలూ, దూరపు స్వరాలూ రెండూ అందులోనే అలవాటవుతాయి. మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడించడం కూడా ఊరికే కాదు. మొదటి కాలంలో తప్పు వినబడుతుంది, మూడో కాలంలో లెక్క బయటపడుతుంది.

ఆర్నెల్లయింది, ఇంకా సరిగమలేనా, ఒక పాట చెప్పొచ్చుగా అని తల్లులు టీచర్ల మీద ఒత్తిడి పెడతారు. నువ్వు ఆ పని చేయొద్దు. సినిమా పాటలు పాడిన గొప్పవాళ్ళూ ముందు శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాళ్ళే. మా ఊరి మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు, తర్వాత ఆయనే అధ్యక్షులయ్యారు. సినిమా పాట అంటే మనకి వెంటనే గుర్తొచ్చే ఘంటసాల గారు, సుశీల గారు ఇద్దరూ ఆ కళాశాలలో చదివినవాళ్ళే. ఘంటసాల గారు ఈ వీధుల్లో మధూకరం, అంటే ఇంటింటా అడిగిన అన్నం, ఎత్తుకుని తిని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. సినిమా పాటలు పాడాలన్న కోరికతో వచ్చే పిల్లలకి నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

సాధన రోజుకి పావుగంట చాలు, కానీ రోజూ ఒకే వేళకి. స్కూలు బస్సుకి ముందు ఇల్లంతా హడావుడిగా ఉంటే పొద్దున్న వద్దు, సాయంత్రం స్నానమయ్యాక పెట్టుకో. శ్రుతి కోసం ఫోన్లో ఆప్ పెట్టావంటే, ఆన్ చేసి ఫోన్ బోర్లా పెట్టేయ్. ఆ పావుగంటా నువ్వో అల్లుడో పక్కన కూర్చుని తాళం వేయండి. ఆదితాళం అల్లుడికి కూడా పది నిమిషాల్లో వస్తుంది: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది అక్షరాలు. పాటలో తప్పులు దిద్దే పని టీచరుకి వదిలేయండి. మీరు తాళం ఆపకుండా వేస్తే చాలు.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. చుట్టాలు రాగానే, ఏదీ ఆంటీకి ఒక పాట పాడు అని పిల్లని నిలబెట్టొద్దు. తనకి పాడాలనిపిస్తే పాడనీ. అడిగి పాడించి, పాడుతుండగానే పెద్దవాళ్ళు కబుర్లలో పడిపోతారు. పిల్లలకి అది ఎంత చిన్నతనంగా ఉంటుందో వాళ్ళ ముఖాల్లో చూశాను. వీడియో తీసి అన్ని గ్రూపుల్లో పెట్టడమూ అంతే.

పెద్దాడికి కీబోర్డు వద్దనను. స్వరం ఎక్కడుందో కంటికి కనబడుతుంది కాబట్టి మొదట సరదాగా ఉంటుంది. కానీ మామూలు కీబోర్డు మీద మన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, కుదరదు. కర్ణాటక సంగీతమే నేర్చుకోవాలంటే వయొలిన్, వీణ, లేకపోతే మృదంగం. వాడు ఎప్పుడూ బల్ల మీద దరువు వేస్తూ ఉంటాడుగా, ఒకసారి మృదంగం క్లాసు చూపించు. గాత్రమే అంటే, పన్నెండు పధ్నాలుగేళ్ళ మధ్య మగపిల్లల గొంతు మారుతుందని ముందే చెప్పి ఉంచు. అప్పుడు పై స్వరాలు బలవంతంగా పాడించకూడదు. గొంతు పగిలిందని నవ్వకూడదు కూడా. ఇంట్లో నవ్వారని శాశ్వతంగా పాట మానేసిన కుర్రాళ్ళున్నారు.

ఇప్పుడు నీ పుస్తకాల గ్రూపు. ఐదారుగురితో మొదలుపెట్టండి. ఇరవైమంది అయితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్ళు చీరలు చూస్తారు. నెలకొకసారి, ఏదో ఒక ఆదివారం సాయంత్రం, తేదీ మారకుండా పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపు కబురు చెప్పుకోవడానికే ఉండాలి. అక్కడే చర్చ అయిపోతే మనుషులు రావడం మానేస్తారు. తిండి విషయం మొదటి రోజే తేల్చేయండి: టీ, మరమరాలు, అంతకుమించి వద్దు. ఒకరు పునుగులు వేస్తే ఇంకొకరు గారెలు వండుతారు, మూడో నెలకి ఎవరింట్లో వంతు ఉంటే వాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. గ్రూపులు చాలావరకు వంటింట్లోనే ఆగిపోతాయి.

నవలతో మొదలుపెట్టొద్దు. సగంమంది పూర్తి చేయలేరు, చేయనివాళ్ళు సిగ్గుపడి రారు. తెలుగులో పది పేజీల లోపు గొప్ప కథలు కొల్లలు. ఒక్క పుస్తకం చాలు, అక్కడే కూర్చుని వంతులవారీగా పైకి చదవండి. మీలో ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగు తడుముకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళ వంతు తప్పించకండి, చిన్న పేరా ఇవ్వండి. పైకి చదివినప్పుడు రచయిత వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుందో తెలుస్తుంది. చదవడం అయ్యాక, ఎలా ఉంది అని అడక్కండి. బాగుంది అంటారు, అక్కడితో అయిపోతుంది. ఎవరి మీద కోపం వచ్చింది అని అడగండి. ఆ పరిస్థితిలో మీరైతే ఏం చేసేవారు అని అడగండి. మాట అత్తగార్ల మీదికి, ఆడపడుచుల మీదికి పోతుంది. కాసేపు పోనివ్వండి, కథలు మన ఇళ్ళలోంచి వచ్చినవే కదా. తర్వాత ఎవరో ఒకరు మళ్ళీ పేజీ దగ్గరికి లాక్కురావాలి. ఆ పని నువ్వు చేయగలవు.

మొదటి కథ ఏదంటావా, మా ఊరి కథకులు చాసో (చాగంటి సోమయాజులు) గారి వాయులీనం చదవండి. జబ్బుపడ్డ భార్య వైద్యానికి డబ్బు లేక, ఆవిడ వయొలిన్ అమ్మేసిన భర్త కథ. అతను చెడ్డవాడు కాదు, అదే అందులో ఉన్న బాధ. పెళ్ళీ పిల్లలూ వచ్చాక ఆవిడ వాయించడం ఎప్పుడో తగ్గిపోయింది. కథలో వయొలిన్ ఇంట్లోంచి పోవడం కన్నా ఆవిడ చేతిలోంచి పోవడం ముందు జరిగిందని నాకు అనిపిస్తుంది. మీ గ్రూపులో వేరేగా అనుకునేవాళ్ళు ఉండొచ్చు, వాదించుకోండి.

ఆ కథ చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. నువ్వు చిన్నప్పుడు వయొలిన్ మీద వర్ణాల దాకా, అంటే గీతాలు దాటాక వచ్చే పెద్ద పాఠాల దాకా, వాయించావు. నీ వయొలిన్ ఇంకా మీ అమ్మగారింట్లో అటక మీదే ఉంది. ఇన్నేళ్ళు కదలకుండా ఉన్నదానికి తీగలు వదులై, లోపల నిలబెట్టిన చిన్న పుల్ల పడిపోయి ఉంటుంది. నువ్వు బిగించొద్దు, బాగుచేసేవాళ్ళకి ఇవ్వు. పాపని క్లాసులో చేర్చే ముందు ఆ పని చేయి. కచేరీ చేయమనడం లేదు. పాప సాధన అయ్యాక నువ్వో పావుగంట సరళీ స్వరాల నుంచే మళ్ళీ మొదలుపెట్టు. అమ్మ కూడా తప్పులు వాయిస్తోందని చూస్తే పిల్లకి ఎంత ధైర్యమో.

పుస్తకాలకి ఖర్చు అని వెనకాడకు. సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నుంచి ఉంది. తెలుగు పుస్తకం కోసం ఆ రోజుల్లో అంత శ్రమపడి పెట్టుకున్న చోటికి పిల్లల్ని ఒక్కసారైనా తీసుకెళ్ళు. డిసెంబరు ప్రాంతంలో పుస్తక ప్రదర్శన వస్తుంది, పిల్లలిద్దరికీ చెరో కొంత డబ్బిచ్చి వాళ్ళనే ఎంచుకోనివ్వు. ఏది కొన్నా ఏమీ అనొద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, పాపకి చదువు వేగం పెరగడానికి అవి బాగుంటాయి. రాత్రి పడుకునే ముందు మాత్రం కాగితం పుస్తకమే. ఒక పేజీ నువ్వు, ఒక పేజీ తను.

పెద్దాడు పదో తరగతికి వచ్చినప్పుడు చుట్టూ అందరూ పాటా పుస్తకమూ ఆపించమంటారు. ఆ ఏడాది తగ్గించు, ఆపించకు. వారానికి రెండు రోజులైనా చాలు.

దసరాకి రండి. మా పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం పండగ తర్వాత మంగళవారం ఉంటుంది, పిల్లల సెలవు ఒక రోజు పొడిగించాల్సి వస్తుందేమో చూసుకో. వదినగారిని కూడా తప్పకుండా తీసుకురా, ఆవిడ దగ్గర నేను రాసుకోవాల్సిన పాటలు రెండు మూడున్నాయి. ఈలోగా టీచరు పాపకి ఏ శ్రుతి పెట్టారో కనుక్కుని నాకు మెసేజ్ చేయి.

మీ పెద్దమ్మ