నీట్ వద్దు, తమ్ముడికొచ్చిన జబ్బు మీదే రీసెర్చ్ చేస్తానంటోంది!

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ, నీట్‌కు ప్రిపేరవుతోంది. మా అన్నయ్య చిన్నకొడుక్కి మూడేళ్లప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. తర్వాత మాట, నడక, చూపు ఒక్కొక్కటే పోయి, పోయినేడాది తొమ్మిదేళ్ల వయసులో చనిపోయాడు. మెదడును దెబ్బతీసే బ్యాటెన్ అనే వంశపారంపర్య వ్యాధి, అందులో సీఎల్ఎన్2 రకం అని జన్యు పరీక్షలో తేలింది. అన్నయ్యా వదినలది దగ్గరి సంబంధం. ఆ పిల్లాడంటే మా అమ్మాయికి ప్రాణం, సొంత తమ్ముడే అనుకునేది. ఇప్పుడు డాక్టర్ చదువు వద్దు, ఇలాంటి జబ్బుల మీద ల్యాబ్‌లో పనిచేస్తానంటోంది. వాళ్ల నాన్నేమో 'ఎమ్మెస్సీ చేసి చివరికి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకోవడమే' అంటున్నారు. మా అమ్మ 'ఎందుకీ చదువులు, వాళ్ల పెద్దబావకే ఇద్దాం' అంటోంది, అంటే మా అన్నయ్య పెద్దకొడుక్కి. మన దేశంలో ఈ పరిశోధన ఉందా? ఎంబీబీఎస్ లేకుండా చేయొచ్చా? ఎన్నేళ్లు పడుతుంది? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటాను. మిగతావి దాన్నిబట్టే తేలతాయి. ఎంబీబీఎస్ లేకుండా ఈ పరిశోధన నిక్షేపంగా చేయొచ్చు. అసలు మీ మేనల్లుడికి వచ్చిన జబ్బుకు మూలమేమిటో పట్టుకున్నదే బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ప్రొటీన్లతో కుస్తీ పట్టేవాళ్లు. ఆ సంగతి మీ అమ్మాయితో కలిసి చదవండి. ఈ వృత్తి ఎలా ఉంటుందో కోర్సుల జాబితాల కన్నా అదే బాగా చెబుతుంది.

మన ఒంట్లో కణాల లోపల లైసోజోమ్‌లని ఉంటాయి. పాతబడిన ప్రొటీన్లు, కొవ్వులు వాటిలోకి వెళ్లి ముక్కలై మళ్లీ వాడకానికి వస్తాయి. ఆ ముక్కలు చేసే ఎంజైమ్‌లలో ఒక్కటి లేకపోయినా సరుకు కరగక పేరుకుపోతుంది. చర్మంలో పాత కణం పోతే కొత్తది పుడుతుంది. మెదడులో నాడీకణాలకు ఆ వెసులుబాటు దాదాపు లేదు. అందుకే పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డ నేర్చుకున్నవన్నీ ఒకటొకటిగా మర్చిపోతాడు. అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో పీటర్ లోబెల్, డేవిడ్ స్లీట్ బృందానికి లైసోజోమ్‌కు చేరే ప్రొటీన్ల మీద పట్టుంది. ఆ ప్రొటీన్లలో చాలావాటికి మానోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర గుర్తు ఉంటుంది. చనిపోయిన పిల్లల మెదడు శాంపిల్, ఆ జబ్బు లేనివాళ్ల శాంపిల్ తీసుకుని, వాటిలోని ప్రొటీన్లను జెల్ అనే జిగురు పలక మీద విడదీసి, ఆ గుర్తున్న ప్రొటీన్లు మాత్రమే కనబడేట్టు చేసి పోల్చి చూశారు. ఒక ప్రొటీన్ ఉండాల్సిన చోట ఖాళీ. ఆ లేని ప్రొటీనే టీపీపీ1 అనే ఎంజైమ్. దాన్ని తయారుచేసే జన్యువులో లోపమే సీఎల్ఎన్2 వ్యాధి. ఇది 1997 నాటి మాట.

తర్వాత ఇదే జన్యులోపంతో పుట్టిన డాక్స్‌హుండ్ జాతి కుక్కలు దొరికాయి. ల్యాబ్‌లో తయారుచేసిన ఎంజైమ్‌ను వాటి మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తే జబ్బు నెమ్మదించింది. ఆ దారిలోనే పిల్లల మీద ప్రయోగాలు జరిగి, 2017 ఏప్రిల్‌లో సెర్లిపోనేజ్ ఆల్ఫా అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. తలలో అమర్చిన పరికరం ద్వారా రెండు వారాలకోసారి నేరుగా మెదడు గదుల్లోకి ఎక్కించాలి. నడక, మాట పోవడాన్ని అది నెమ్మదింపజేస్తుంది. అప్పటికే పోయినదాన్ని తిరిగి తేలేదు. మెదడులోకి ఇచ్చిన మందు కంటి రెటీనాను కాపాడదు కాబట్టి చూపు పోవడమూ ఆగదు. ధర సంగతి మరీ ఘోరం. మార్కెట్లోకి వచ్చినప్పుడే ఏడాదికి దాదాపు 7 లక్షల డాలర్లు.

లెక్క చూడండి. జన్యువు తెలిసిన నాటి నుంచి మందు చేతికి రావడానికి ఇరవై ఏళ్లు. అదీ ఈ రంగంలో బాగా విజయవంతమైన కథ! మీ మూడో ప్రశ్నకు పెద్ద జవాబు ఇదే. చదువు పూర్తవడానికి ఎన్నేళ్లన్నది చిన్న జవాబు. ఇంటర్ తర్వాత డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్లు, పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన రెండు నుంచి నాలుగేళ్లు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి ల్యాబ్‌లో చేసే పరిశోధన. సొంత ల్యాబ్ అంటూ వస్తే ముప్ఫై దాటాకే. అయితే ఇదంతా ఇంటి డబ్బుతో చదివే చదువు కాదు. సీఎస్ఐఆర్ నెట్ వంటి పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 స్టైపెండ్, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు తన ఖర్చు తను పెట్టుకుంటుంది. ఈ మాట వాళ్ల నాన్నగారికి తప్పకుండా చెప్పండి.

రట్గర్స్ కథలో ఇంకో సంగతి ఉంది. వాళ్ల చేతిలో ముందుగా ఉన్నది లైసోజోమ్ ప్రొటీన్ల విద్య. అది వచ్చు కాబట్టే ఈ జబ్బు దగ్గర అక్కరకొచ్చింది. మీ అమ్మాయి కూడా ఇప్పుడే 'బ్యాటెన్ వ్యాధి' అని గిరి గీసుకోనక్కర్లేదు. డిగ్రీ స్థాయిలో దాని పేరుతో కోర్సేమీ ఉండదు. బయోకెమిస్ట్రీ, సెల్ బయాలజీ, జెనెటిక్స్... వీటిలో ఒకదాని మీద గట్టి పట్టు సంపాదించాలి. జబ్బును ఎంచుకోవడం పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కునేటప్పటి పని.

ఇక ఆ పని రోజూ ఎలా ఉంటుందో కూడా తెలియాలి. పేషెంటు చర్మం నుంచి గోరంత ముక్క తీసి కణాలు పెంచుతారు. వాటిని మూలకణాలుగా మార్చి, వాటి నుంచి నాడీకణాలు తయారుచేస్తారు. ఈ పద్ధతికి పునాది వేసిన జపాన్ శాస్త్రవేత్త యమనకకు 2012లో నోబెల్ వచ్చింది. చెప్పుకోవడానికి అద్భుతంగా ఉంటుంది కానీ చేసేటప్పుడు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కణాలను కనిపెట్టుకుని ఉండాలి. 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెట్టిన ప్లేట్లకు ఆదివారమైనా పండగైనా వెళ్లి మీడియా, అంటే కణాలకు ఆహారమైన ద్రవం, మార్చాలి. ఒకరోజు పొద్దున తలుపు తీస్తే ప్లేటు నిండా ఫంగస్! రెండు నెలల పని చెత్తబుట్ట పాలు. మళ్లీ మొదటి నుంచి. ప్రొటీన్ ఉందో లేదో చూసే వెస్టర్న్ బ్లాట్‌లో గీత రావాల్సినచోట మసక వస్తే, తప్పు యాంటీబాడీదా, శాంపిల్‌దా, తన చేతిదా అని వారం రోజులు తల బద్దలు కొట్టుకోవాలి. కొన్ని ల్యాబుల్లో ఎలుకల మీద పనిచేయక తప్పదు. పిల్లలను ప్రేమించే అమ్మాయి అంటున్నారు. ఈ ఉద్యోగంలో పిల్లలు కనబడరు. శాంపిల్ ట్యూబు మీద నంబరు కనబడుతుంది.

అది తనకు సరిపడుతుందా అన్నది ఇప్పుడు తేలదు. డిగ్రీ రెండో ఏడాదిలో తేల్చుకోవచ్చు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి విద్యార్థులకు సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తాయి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో కూర్చుంటే ఉత్సాహం మిగిలిందో ఆవిరైందో తనకే తెలుస్తుంది. తమ్ముడి మీద బెంగతో తీసుకున్న నిర్ణయమని మీరు భయపడుతున్నట్టున్నారు. బెంగతో మొదలుపెట్టినవాళ్లు పనికిరారని నేననను. కాకపోతే ప్రతి ఫెయిలైన ప్రయోగాన్నీ తమ్ముడికి చేసిన అన్యాయంగా లెక్కేసుకుంటే నలిగిపోతుంది. ఈ ముక్క ముందే చెప్పి ఉంచండి.

నీట్ మాత్రం రాయించండి. ఇంత చదివాక మానేయడం దండగ. దాంతోపాటు డిగ్రీ నుంచే పరిశోధన నేర్పే కేంద్ర విద్యాసంస్థలున్నాయి, వాటిలో ఐసర్‌ల ప్రవేశ పరీక్ష ఐఏటీకి, భువనేశ్వర్ నైసర్ కోసం నెస్ట్ పరీక్షకు దరఖాస్తు చేయించండి. ఐసర్ మనకు తిరుపతిలోనే ఉంది. ఇక్కడ బైపీసీ పిల్లలు బోల్తాపడేది మ్యాథ్స్ దగ్గర. ఐఏటీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో సమానంగా మ్యాథ్స్ ప్రశ్నలుంటాయి. సీటొచ్చినా మొదటి ఏడాది మ్యాథ్స్ తప్పదు. రోజుకు గంటైనా ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం పట్టుకోమనండి. ఈ రంగంలో జన్యు డేటాను కంప్యూటర్ మీద విశ్లేషించే పని ఏటికేడాది పెరుగుతోంది, లెక్కలంటే భయం ఉంటే రేపైనా ఇబ్బందే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇవేవీ రాకపోయినా మునిగిపోయిందేమీ లేదు. మంచి ల్యాబ్ ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీయో బయోటెక్నాలజీయో ఉన్న బీఎస్సీ చేసి, పీజీకి జామ్, గ్యాట్-బి, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. ఫీజు లక్షల్లో తీసుకుని, ప్రాక్టికల్స్ రికార్డు పుస్తకంలో మాత్రమే చేయించే ప్రైవేట్ బయోటెక్ కోర్సుల జోలికి మాత్రం పోవద్దు.

మన దేశంలో పరిశోధన ఉందా అన్నారు. మీకు అందుబాటులోనే ఉంది. హైదరాబాద్ ఉప్పల్‌లోని డీఎన్ఏ పరీక్షల, పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిపి అరుదైన వ్యాధులకు కేంద్రం గుర్తించిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది. బేగంపేటలో ఉస్మానియా వారి జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బెంగళూరులో మెదడు, మానసిక వ్యాధుల ఆసుపత్రి నిమ్‌హాన్స్, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ఉన్నాయి. పైగా ఇక్కడ చేయాల్సిన పని ఇంకెక్కడివాళ్లో చేసిపెట్టేది కాదు. 2017లో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల జన్యువులను పరిశీలిస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ఆనవాళ్లు బలంగా కనిపించాయి. అలాంటి చోట్ల ఒక్కో సమూహానికి ప్రత్యేకమైన జన్యులోపం తిష్ఠ వేస్తుంది. లైసోజోమ్ ఎంజైమ్ లోపంతోనే వచ్చే, బ్యాటెన్‌కు దగ్గరి చుట్టంలాంటి టే-శాక్స్ వ్యాధినే చూడండి. పాశ్చాత్య దేశాల్లో యూదు కుటుంబాల్లో కనబడే లోపం వేరు, గుజరాత్ పిల్లల్లో ఎక్కువగా దొరికింది వేరని అహ్మదాబాద్ పరిశోధకులు తేల్చారు. విదేశాల్లో తయారైన పరీక్ష కిట్‌ను నమ్ముకుంటే మన పిల్లలు తప్పిపోతారు.

ఇక ఉద్యోగాలు. వాళ్ల నాన్నగారి మాటను కొట్టిపారేయను. సీసీఎంబీ లాంటి చోట సైంటిస్ట్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే, పోటీ తీవ్రం. ఉత్త ఎమ్మెస్సీతో ఆగిపోతే ఆయన చెప్పినట్టే కావొచ్చు కూడా. కానీ పీహెచ్‌డీ చేసినవాళ్లందరూ ప్రొఫెసర్లు కావాలనేం లేదు. జన్యు పరీక్షల కంపెనీల్లో, పేషెంటు డీఎన్ఏలో కనిపించిన వేల మార్పుల్లో ఏది జబ్బుకు కారణమో తేల్చేవాళ్లకు గిరాకీ ఉంది. ఫార్మా కంపెనీల బయోటెక్ విభాగాలున్నాయి. కుటుంబాలతో మాట్లాడటమే ఇష్టమైతే ఎమ్మెస్సీ జెనెటిక్ కౌన్సెలింగ్ ఉంది. ఒకవేళ నీట్‌లో మంచి ర్యాంకు వచ్చి, ల్యాబ్ కన్నా పిల్లలను చూసుకోవడమే ఇష్టమని తనకే అనిపిస్తే, ఎంబీబీఎస్ తర్వాత ఎండీ పీడియాట్రిక్స్, ఆపైన డీఎం మెడికల్ జెనెటిక్స్ చేసి రెండు పడవలూ నడిపే డాక్టర్లున్నారు. అది ఇంకా పొడుగు దారి. నన్నడిగితే, మీరు రాసిన దాన్నిబట్టి, ఐసర్ సీటొస్తే చేర్చమంటాను. నీట్ కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఇంకో ఏడాది పెట్టొద్దంటాను.

చేయడానికి ఇంకా ఏం మిగిలిందని తను అడిగితే ఇది చెప్పండి. 2021 జాతీయ విధానం కింద అరుదైన వ్యాధి ఉన్న రోగికి కేంద్రం గరిష్ఠంగా 50 లక్షల రూపాయల సాయం ఇస్తుంది. పైన చెప్పిన మందుకు అది ఒక నెలకు సరిపోతుందేమో. చవకగా తయారుచేసే పద్ధతి కావాలి. కంటిని కాపాడే మార్గం కావాలి. ఫిట్స్ రాకముందే ఎండిన రక్తపు చుక్కతో జబ్బును పట్టుకునే పరీక్ష ఊరి ఆసుపత్రి దాకా రావాలి. తను ల్యాబ్‌లో అడుగుపెట్టే నాటికి వీటిలో సగమైనా మిగిలే ఉంటాయి.

మీరు అడగనిది ఒకటి చెప్పక తప్పదు. పెద్దబావ సంబంధం అన్నారు కదా. మీ అన్నయ్యా వదినా ఇద్దరూ ఈ లోపం మోస్తున్నవాళ్లే, కాబట్టే బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చింది. ఆ లెక్కన మీరు దాన్ని మోస్తూ ఉండటానికి రెండింట ఒక వంతు, మీ అమ్మాయికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఆరోగ్యంగా ఉన్న పెద్దబావకు మూడింట రెండు వంతులు. వీళ్లిద్దరికీ పెళ్లయితే ప్రతి కాన్పులోనూ ఇదే జబ్బు రావడానికి ఇరవై నాలుగింట ఒక వంతు అవకాశముంది. మోసేవాళ్లకు జబ్బేమీ రాదు, ఇందులో ఎవరి తప్పూ లేదు. బాబు జన్యు పరీక్ష రిపోర్టు పారేయకుండా మీ అన్నయ్య దగ్గర కాపీ తీసుకుని, నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ ఓపీకి వెళ్లండి. ఏ లోపమో ముందే తెలుసు కాబట్టి కొద్దిపాటి రక్తంతో మీకు ఉందో లేదో చెప్పేస్తారు. మీకు లేదని తేలితే మీ వైపు నుంచి మీ అమ్మాయికి వచ్చే ప్రసక్తే లేదు. ఉందంటే, తనకు పద్దెనిమిది నిండాక పరీక్ష చేయించుకోవాలో లేదో తననే నిర్ణయించుకోనివ్వండి. అప్పటిదాకా పెళ్లి మాట ఎత్తొద్దని మీ అమ్మగారికి గట్టిగానే చెప్పండి.