పోమార్ కథలో కోచ్ చెప్పని సగం

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. చదరంగంలో మాకు 1900 రేటింగ్ వచ్చింది. స్పెయిన్‌లో పోమార్ అనే పిల్లవాడు ఇదే వయసులో ప్రపంచ చాంపియన్‌తో డ్రా చేసి, తర్వాత ఏడుసార్లు జాతీయ చాంపియన్ అయ్యాడని, బడి మానిపిస్తే మావాడూ అంతవాడవుతాడని కోచ్ అంటున్నారు. బడి మేలా, ఆట మేలా? పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రేటింగ్ ‘మాకు’ రాలేదండీ, మీ అబ్బాయికి వచ్చింది. ఆ ఒక్క మాట దగ్గరే మీ ఉత్తరం రెండోసారి చదివాను.

ఆర్తురో పోమార్ గురించి కోచ్ చెప్పింది నిజమే. 1944లో హిహోన్ పోటీలో ప్రపంచ చాంపియన్ అలెఖిన్ అంతటివాడితో డ్రా చేశాడు. నియంత ఫ్రాంకో పాలనలోని స్పెయిన్ ఆ పిల్లవాణ్ని దేశ ప్రతిష్ఠకు గుర్తుగా ఊరూరా ప్రదర్శించింది. 1962లో ఆ దేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆయన బతుకుతెరువు మాత్రం పోస్టాఫీసు ఉద్యోగం. అదే ఏడాది స్టాక్‌హోమ్‌ పోటీలో సోవియట్ ఆటగాళ్ల వెనుక వాళ్ల దేశపు శిక్షణ యంత్రాంగమంతా ఉంటే, ఈయనకు పక్కన కూర్చుని ఆట విశ్లేషించే సహాయకుడు కూడా లేడు. అయినా తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన అమెరికన్ ఫిషర్‌తో డ్రా చేశాడు. తర్వాతి సంవత్సరాల్లో మానసిక ఆరోగ్యం దెబ్బతింది. చప్పట్లు కొట్టినవాళ్లు అప్పుడు ఎక్కడున్నారో మీ కోచ్‌ను అడగండి.

అదే దేశంలో మిగెల్ ఇయెస్కాస్ ఉన్నారు. ఎనిమిదిసార్లు జాతీయ చాంపియన్. కంప్యూటర్లు చదువుకున్న మనిషి. 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం చదరంగం కంప్యూటర్ డీప్ బ్లూ బృందంలో పనిచేశారు, ప్రపంచ పోటీల్లో రష్యా చాంపియన్ క్రామ్నిక్‌కు సహాయకుడిగా ఉన్నారు, బార్సిలోనాలో చదరంగం బడి నడుపుతున్నారు. ఆయనకు ఆట ఒక్కటే తిండి పెట్టలేదు, ఆట చుట్టూ ఉన్న పనులు కూడా పెట్టాయి. చదువు లేకపోతే ఆ పనుల్లో సగం దగ్గరికి రావు.

గుకేశ్ 2024లో ప్రపంచ విజేత అయ్యాక నాకు ఈ రకం ఉత్తరాలు ఎక్కువయ్యాయి. అతను నాలుగో తరగతి తర్వాత రోజువారీ బడి మానిన మాట వాస్తవం. కానీ అలా మానిన వాళ్లలో గెలిచిన ఒకడి పేరే మనకు వినిపిస్తుంది. అగ్రశ్రేణికి కాస్త కిందున్న గ్రాండ్‌మాస్టర్లు కూడా క్లబ్బు లీగుల్లో ఆడి, పిల్లలకు పాఠాలు చెప్పి నెల గడుపుకొంటారు. నిజం చెప్పాలంటే, పన్నెండేళ్లకు బడి మానిపించే ఈ కొత్త మోజు నాకు నచ్చలేదు. మీ కోచ్‌కు ఫీజు ఏ నెలకానెల అందుతుంది, మీ అబ్బాయి ఎటుపోయినా.

మీరు అడగకుండా దాచుకున్న భయం కూడా నాకు తెలుసు: ‘ఇప్పుడు మానిపించకపోతే రేపు నా వల్లే చెడ్డానంటాడేమో’ అని. అనడు. 1900 మంచి రేటింగే, అది బడికి వెళ్తూనే వచ్చింది. మన కోనేరు హంపి ఓఎన్‌జీసీ ఉద్యోగంలో ఉంటూనే రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆట) మహిళల టైటిల్ గెలిచారు. మీకు తొందరేమీ లేదు.

పోల్చి చెప్పమన్నారు కానీ నేను పట్టికేమీ ఇవ్వడం లేదు. ఈ వారం వాడు ఓడిన ఒక ఆటను మీరు పక్కన లేనప్పుడు తనంతట తాను మళ్లీ పేర్చి చూసుకుంటాడేమో గమనించి, నాకు రాయండి. ఆ ఉత్తరంలో ‘మేము’ అని రాయకండి.