టెక్ సందేహాలు: పాత పద్మినికి ట్యూబు టైరా, ట్యూబ్‌లెస్సా?

సందేహం: మా నాన్నగారు కొన్న 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇంకా మా ఇంట్లోనే ఉంది. నెలకోసారి విజయనగరం వెళ్లి వస్తాను. టైర్లు పగుళ్లిచ్చాయి. షాపులో ట్యూబ్‌లెస్ వేయించుకోమంటున్నారు. మా మెకానిక్ మాత్రం ట్యూబు టైర్లే ఉంచమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- శ్రీకాకుళం, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: నాన్నగారి బండిని ఇన్నేళ్లు నడిపిస్తున్నందుకు ముందుగా అభినందనలు. ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి, చక్రం విప్పించి రిమ్ము చూడండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

ట్యూబు టైరులో గాలిని పట్టి ఉంచేది ట్యూబు. రిమ్ముకి కాస్త తుప్పు పట్టినా, సన్న చిల్లు ఉన్నా గాలి పోదు. ట్యూబ్‌లెస్‌లో ఆ పని రిమ్ము మీద పడుతుంది. టైరు లోపల బ్యూటైల్ రబ్బరు పొర ఉంటుంది, టైరు అంచు వెళ్లి రిమ్ముకి గట్టిగా అతుక్కుంటుంది. ఆ అతుకు సరిగ్గా లేకపోతే కొత్త టైరైనా పొద్దుటికి చప్పబడుతుంది.

టైరు తీశాక, దాని అంచు కూర్చునే చోట వేలు పెట్టి రిమ్ము మధ్యలోకి జరపండి. సన్నటి గట్టులాంటి ఉబ్బు వేలికి తగలాలి. దాన్ని హంప్ అంటారు. గాలి తగ్గిన టైరు మలుపులో పక్కకి నెట్టుకున్నప్పుడు, దాని అంచు జారి రిమ్ము మధ్య పల్లంలో పడకుండా ఆపేది ఈ గట్టే. అది లేని రిమ్ముకి ట్యూబ్‌లెస్ వేసి ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కారనుకోండి, ఒక్క మలుపులో గాలంతా ఒకేసారి పోవచ్చు. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. గట్టు లేదంటే ట్యూబ్‌లెస్ వద్దు.

గట్టు ఉంటే తర్వాత చూడాల్సింది తుప్పు. మన జిల్లాల్లో సముద్రం దగ్గరి ఊళ్లలో, కళింగపట్నం, భావనపాడు వైపు, ఉప్పుగాలికి ఇనుము త్వరగా పాడవుతుంది. వైరు బ్రష్‌తో రుద్దితే నున్నటి లోహం కనిపించాలి. గుంటలు పడి ఉంటే పెయింటు వేసి కప్పేయొద్దు. రిమ్ము రివెట్లతో బిగించినదైతే ఆ రివెట్ల దగ్గర కూడా గాలి కారుతుంది. టైరు ఎక్కించి గాలి కొట్టాక అంచు చుట్టూ, రివెట్ల మీద సబ్బునీళ్లు రాయండి. ఒక్క బుడగ కూడా లేవకూడదు.

రిమ్ము పాసైతే ట్యూబ్‌లెస్ వేయించుకోండి, నా ఓటు దానికే. మేకు దిగితే ట్యూబు చిరిగి గాలి ఠక్కున పోతుంది. ట్యూబ్‌లెస్‌లో మేకు గుచ్చుకునే ఉంటుంది, గాలి మెల్లగా దిగుతుంది, బండి పక్కకి తీసే టైము దొరుకుతుంది. హైవే మీద ఆ కొద్ది నిమిషాలే ప్రాణం కాపాడతాయి. రిమ్ము ఫెయిలైతే మీ మెకానిక్ చెప్పిందే రైటు, ట్యూబు టైర్లతో హాయిగా నడపండి.

ఇక షాపుల్లో మూడో దారి చెప్తారు: ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేసేద్దామని. మా మేనమామ అంబాసిడర్‌కి అలాగే వేశారు. చిలకపాలెం దగ్గర బండి ఒక్కసారిగా ఎడమకి లాగేసింది. పంచరు షాపాయన ట్యూబు బయటికి తీసి, రూపాయి బిళ్లంత మేర అరిగి పల్చబడిన చోటు చూపించాడు. టైరు లోపల సరిగ్గా అక్కడే ఒక కాగితం స్టిక్కరు ఉంది, ఎవరూ పీకలేదు. మేకు లేదు, ముల్లు లేదు, ఆ స్టిక్కరు రాపిడికే ట్యూబు పోయింది. తప్పనిసరై ట్యూబు వేస్తే లోపల స్టిక్కర్లు, గరుకు గీతలు లేకుండా చూడండి, పౌడరు చల్లించండి, రేడియల్ టైర్లకని (లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నేరుగా ఉండే, ఇప్పటి కార్లకి వచ్చే రకం) చేసిన ట్యూబే అడగండి. రేడియల్ టైరు పక్కలు ఎక్కువగా వంగుతాయి, మామూలు ట్యూబు ఆ రాపిడికీ వేడికీ తట్టుకోదు.

సైజు సంగతి. పద్మినికి అసలు వచ్చింది 5.20-14. రేడియల్‌లో దానికి దగ్గరగా ఉండేది 155/80 ఆర్14. రిమ్ము వెడల్పుకి అది సరిపోతుందో లేదో అడిగి తీసుకోండి. దారాలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి వేసిన పాత తరహా క్రాస్‌ప్లై, రేడియల్ ఒకే యాక్సిల్ మీద కలపొద్దు. ఇలాంటి సైజులు షాపుల్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి కాబట్టి టైరు పక్కన నాలుగంకెల తేదీ చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. పాత సరుకైతే మెరుస్తున్నా వద్దనండి.

స్టెప్నీని మర్చిపోకండి. అన్నిటికంటే పాతది సాధారణంగా అదే.

సందేహం: ఫోన్‌లో గాలి చూపించే బ్లూటూత్ సెన్సర్లు ట్యూబు టైర్లకి పెట్టొచ్చా?
- బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వాల్వు మీద మూతలా బిగించేవి పెట్టొచ్చు. మెల్లగా దిగే గాలిని ముందే చెప్తాయి. ట్యూబు ఠక్కున చిరిగితే మాత్రం అవి చెప్పేలోపే మీకు స్టీరింగులో తెలిసిపోతుంది. పొడవాటి రబ్బరు వాల్వుకి బరువు సెన్సరు తగిలిస్తే చక్రం తిరిగేటప్పుడు ఊగి ఊగి వాల్వు మొదట్లో పగులుతుంది. తేలికవి ఎంచుకోండి, నెలకోసారి వాల్వు మొదలు వంచి పగుళ్లున్నాయేమో చూడండి.