నగిషీ చెక్కడం నేర్చుకోవాలంటే మొదట ఏ ఉలి కొనాలి?

కడపలో ఉంటున్నానని, రాగి, ఇత్తడి మీద చేత్తో నగిషీ చెక్కడం నేర్చుకోడానికి పది ఉలుల సెట్టు కొనాలా అని అడిగారు. వద్దండీ. ఒక్క ఉలి చాలు, మిగతా డబ్బు సానకు పెట్టండి.

3 మి.మీ. చదరపు హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) లేత్ బిట్, అంటే లేత్ మిషన్‌లో లోహాన్ని కోసే చిన్న కడ్డీ, తీసుకోండి. మామూలు ఉక్కు గ్రైండర్ మీద నీలం తిరిగిందంటే పదును నిలవదు, ఇది ఆ వేడిని తట్టుకుంటుంది. ఇంకా గట్టిదే గానీ పెళుసైన కార్బైడ్ ఇప్పుడే వద్దు. చెయ్యి కుదరకముందు మొన పెట్లిపోతుంది. బిట్ చదరపు మూల అంచు కిందికి వచ్చేట్టు పిడిలో బిగిస్తే 90 డిగ్రీల మొన దానంతటదే వస్తుంది. ముఖాన్ని, అంటే బిట్ ముందు కొసను, 45 డిగ్రీల వాలుకు అరగదీయండి. 400 నంబరు (గరుకు) డైమండ్ సాన ప్లేటు మీద ఆకారం, 1200 (నున్నటిది) మీద నునుపు.

కొత్తవాళ్లు వదిలేసేది మొన అడుగు భాగాన్ని. అక్కడ అంచుకు రెండు పక్కలా 15 డిగ్రీల సన్న వాలు తీయాలి, పొడవు అర మిల్లీమీటరు దాటకూడదు. పొడవైతే వంపు తిరిగేచోట గీత బయటి అంచును రాసుకుపోతుంది. రెండు పక్కలూ సమానంగా లేకపోతే గీత ఒరుగుతుంది.

పదును చూడాలంటే మొనను బొటనవేలి గోరు మీద వాల్చి, నొక్కకుండా ఆనించండి. పట్టుకుంటే సరే, జారితే మళ్లీ సాన. 10 రెట్ల భూతద్దంలో మొన దగ్గర తెల్లటి చుక్క మెరిస్తే అది విరిగినట్టే.

సాధనకు 2 మి.మీ. రాగి రేకు, ఇత్తడి రేకు చెరొకటి. రాగి జిగట, ఒక చుక్క నూనె వేయండి. స్టీలు గిన్నెల జోలికి పోవద్దు. వాటిమీద పేర్లు కొట్టే మిషన్ చుక్కలు పొడుస్తుంది, మనది లోహాన్ని తవ్వి తీసే పని. రేకును చెక్క దిమ్మ మీద లక్క, ఇటుక పొడి కలిపి అతికించండి. లక్క ప్రొద్దుటూరులో కంసాలి సామాన్ల అంగళ్లలో అడగండి. మన ఎండలకు మెత్తబడి రేకు కదులుతుంటే పొడి కాస్త పెంచండి. మరీ ఎక్కువైతే పెళుసై ఊడొస్తుంది.

చెక్కేటప్పుడు ఉలిని తిప్పకండి, దిమ్మను ఎడమచేత్తో తిప్పండి. పిడి మరీ కిందికి దిగితే మొన జారుతుంది, మరీ లేస్తే లోపలికి దిగబడి విరుగుతుంది. తీగలా చుట్టుకుంటూ రజను లేస్తుంటే కోణం కుదిరినట్టు. లోతు ఒక్కసారే వద్దు, రెండు మూడు దఫాలుగా తీయండి. ఎడమచెయ్యి ఎప్పుడూ మొనకు ఎదురుగా ఉండకూడదు, జారితే వేలిలోకే దిగుతుంది.

మొదటి నెల తిన్నని గీతలు, అర్ధచంద్రాలు మాత్రమే. పూలు, లతలు తర్వాత.