పంజాబీ డప్పు దేశమంతటి డప్పు ఎలా అయింది?

"భాంగ్రా పంజాబ్‌ది కదా, దేశమంతా పెళ్లిళ్లలో ఎందుకు ఆడుతున్నారు?" అన్నది ప్రశ్న.

నా లెక్కలో ముఖ్య కారణం దేశ విభజనే. 1947కు ముందు లాహోర్‌లోనూ సినిమాలు తీసేవారు. విభజనతో అక్కడివాళ్లు చాలామంది బొంబాయి చేరారు. వాళ్లతో పాటు ఢోలక్ దరువు కూడా హిందీ పాటలోకి బలంగా వచ్చింది.

1957 నాటి 'నయా దౌర్' చూడండి. దర్శకుడు బి.ఆర్. చోప్రా, సంగీతం ఓ.పి. నయ్యర్, పాటలు సాహిర్ లుధియాన్వీ, గాయకుల్లో రఫీ. నలుగురూ పంజాబీలే. అందులో దేశంలోని వీర యువకుల మీద ఒక పాట ఉంది. విషయం దేశభక్తి, దరువు భాంగ్రా, మాటలు హిందూస్తానీ. ఉత్తరాదిలో పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండువాళ్లు ఆ పాటను ఇప్పటికీ వాయిస్తారు. పెళ్లికీ వీరులకీ సంబంధం ఏమిటని ఎవరూ అడగరు!

అయితే దరువు దాటినంత తేలిగ్గా భాష దాటలేదు. సినిమా పంజాబీ చాలాసార్లు 'బల్లే బల్లే' దగ్గరే ఆగిపోయింది. సర్దార్జీ పాత్ర ఎన్నో ఏళ్లు హాస్యానికే పరిమితమైంది. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

తర్వాత 1990లలో దలేర్ మెహందీ సినిమా అండ లేకుండా, నేరుగా పంజాబీలోనే పాడి దేశాన్ని ఊపేశాడు. 2017లో మన 'బాహుబలి 2'లో తెలుగులోనూ పాడాడు.

మనం సల్వార్ కమీజ్‌ను 'పంజాబీ డ్రెస్' అంటాం. రోజూ వేసుకుంటున్నా ఊరిపేరు మాత్రం తీసేయలేదు.